దారిఖర్చు ఎవరిది: రంగం అడ్వాన్సు నుంచి యూరప్ వీసా దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికోసం సముద్రం దాటి వెళ్లడం నూటయాభై ఏళ్లకు పైబడిన సంగతి. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నేటాల్, బర్మా, మలయా, ఫిజీ మొదట వచ్చాయి. ఆ తరవాత గల్ఫ్, సింగపూర్. ఇప్పుడు పోలండ్, రొమేనియా, క్రొయేషియా, జర్మనీ. వెళ్లే దేశంతోపాటు దారిఖర్చు పెట్టేవాడూ మారుతూ వచ్చాడు. తోటల యజమాని ఆ ఖర్చు పెట్టి కూలివాడి అయిదేళ్ల కాలంలోంచి రాబట్టుకున్నాడు. కూలీలను కూడగట్టి బర్మా తీసుకెళ్లిన మేస్త్రీ అదే ఖర్చు పెట్టి కూలిడబ్బుల్లోంచి కోసుకున్నాడు. నేటి పనివాడు విమానం ఎక్కకముందే అప్పుచేసి తానే చెల్లిస్తున్నాడు. వలసల గురించి రాసేవాళ్లు వెళ్లినవాళ్ల సంఖ్యను, పంపిన డబ్బును లెక్కపెట్టినంత శ్రద్ధగా ఈ దారిఖర్చును లెక్కపెట్టలేదు.

బ్రిటిష్ కాలంలో ఈ రెండు జిల్లాలూ ఈ రూపంలో లేవు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో జిల్లాలయ్యాయి. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద రైతుకు మిగిలేది తక్కువ, కూలివాడికి మరీ తక్కువ. నాగావళి, వంశధార ఉన్నా పొలాలు ఎక్కువగా చెరువుల మీద, వానల మీద ఆధారపడేవి. 1866లో, 1888-89లో, 1896-97లో కరువులు వచ్చాయి. మామూలు ఏడాదిలో కూడా సంక్రాంతికి కోతలు, నూర్పిళ్లు అయిపోతే మళ్లీ తొలకరి దాకా ఊళ్లో పని ఉండేది కాదు. ఆ నాలుగైదు నెలల ఖాళీయే ఇక్కడి మనిషిని ఓడ ఎక్కించింది.

తొలి పద్ధతి ఒప్పంద కూలి. మారిషస్‌కు 1834 నుంచి, నేటాల్‌కు 1860 నుంచి మనుషులను తీసుకెళ్లారు. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన తొలి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయలుదేరింది. ఉత్తర కోస్తాలో చేర్చుకున్నవాళ్లను మద్రాసు డిపోకు తరలించి, వైద్యపరీక్ష చేయించి, కాగితం మీద వేలిముద్ర వేయించి ఓడ ఎక్కించేవారు. ఈ పద్ధతిలో కూలివాడు చేతినుంచి పైసా పెట్టనక్కరలేదు. ఓడ చార్జీ, డిపోలో తిండి, బట్టలు, మనుషులను పట్టితెచ్చిన దళారీకి తలకింత చొప్పున ఇచ్చే కమిషను, అన్నీ తోటల యజమానుల లెక్కలోకే వెళ్లేవి. నూరుమంది మగవాళ్లకు కనీసం నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్న నియమం వల్ల స్త్రీని తెచ్చిన దళారీకి కమిషను ఎక్కువ ముట్టేది. ఆడకూలీల విషయంలో మోసపు మాటలు ఎక్కువగా వినిపించడానికి అదొక కారణం.

డబ్బు రూపంలో కనబడని ఖర్చు అక్కడికి వెళ్లాక మొదలయ్యేది. నేటాల్‌లో మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు, తరవాత ఏటా ఒక షిల్లింగు పెంపు. అయిదేళ్లు ఒకే యజమాని దగ్గర చేయాలి. ఒప్పుకున్న పని మానితే అది బాకీ తగాదా కాదు, నేరం. మారిషస్‌లో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. నెలకు అయిదు రూపాయల జీతగాడికి నాలుగు రోజులు జ్వరం వస్తే ఆ నెల ఏం మిగిలేదో ఊహించవచ్చు. నేటాల్ ప్రభుత్వం 1895లో ఇంకో మెట్టు ఎక్కింది. ఒప్పందం ముగిశాక తిరిగి ఒప్పందంలో చేరకుండా, దేశానికి తిరిగి వెళ్లకుండా అక్కడే ఉండదలచినవాళ్లు ఏటా మూడు పౌన్లు కట్టాలని చట్టం చేసింది. తొలి ఏడాది జీతం మొత్తం ఆరు పౌన్లయిన చోట ఈ పన్ను దాంట్లో సగం. 1913 నాటి గాంధీ సత్యాగ్రహంలో బొగ్గుగనుల, తోటల కూలీలు సమ్మెకు దిగడానికి ముఖ్య కారణం ఇదే. 1914లో పన్ను రద్దయింది. నేటాల్‌కు ఒప్పంద వలస 1911లోనే ఆగింది, అప్పటికి ఇంకా సాగుతున్న వలసరాజ్యాలకు 1917లో ఆగింది.

ఉత్తరాంధ్ర వలసలో అసలు కథ మాత్రం బర్మాది. సంఖ్యలో గానీ, ఊళ్ల జ్ఞాపకంలో గానీ నేటాల్, మారిషస్ దాని దరిదాపులకు రావు. రంగూన్‌ను ఇక్కడివాళ్లు రంగం అనేవాళ్లు. కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు బంగాళాఖాతం దాటి రంగూన్ చేరేవి. కోతలు కాగానే ఎక్కితే బర్మాలో బియ్యం మిల్లుల సీజను అందుతుంది. వానలకు ముందు తిరిగొస్తే సొంత ఊళ్లో దమ్ములకు అందుతారు. రెండు దేశాల వ్యవసాయ క్యాలెండర్లు ఒకదానికొకటి ఇలా సరిగ్గా అమరడం వల్ల ఏటేటా రాకపోకలు సాగాయి. రేవులో బస్తాలు మోసే కళాసీలు, మిల్లు కూలీలు, రిక్షా లాగేవాళ్లు, పాకీపని చేసేవాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు, వాళ్లలో తెలుగువాళ్లు సుమారు లక్షన్నర. ఏ జిల్లా నుంచి వచ్చినా అక్కడివాళ్లు తెలుగువాళ్లను కోరంగి రేవు పేరుతోనే పిలిచేవాళ్లు.

చట్టం కళ్లకు ఇది అసలు వలసే కాదు. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. అందుచేత 1883 నాటి వలస చట్టం గానీ, 1922 నాటి చట్టం గానీ రంగం ఓడకు వర్తించలేదు. నేటాల్ కూలికి నామమాత్రంగానైనా డిపో, వైద్యుడు, ప్రొటెక్టర్ అనే అధికారి, రాతపూర్వక ఒప్పందం, కొన్నేళ్ల తరవాత ఉచితంగా తిరుగు ప్రయాణం ఉండేవి. రంగం కూలికి వీటిలో ఒక్కటీ లేదు. ఆ ఖాళీలోకి మేస్త్రీ వచ్చాడు.

మేస్త్రీ సాధారణంగా అదే ఊరివాడో, పక్క ఊరివాడో, లేదా కులపువాడో. కోతల చివర ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. దాంట్లో ఓడ టికెట్టు ఉండేది, రేవు దాకా దారిబత్తెం ఉండేది, ఇంట్లో ఆడవాళ్లకు వదిలి వెళ్లే తిండి డబ్బులు ఉండేవి, షావుకారు దగ్గరి పాతబాకీలో కొంత ఉండేది. మొత్తానికి కలిపి ఒక పత్రం రాయించుకునేవాడు. రంగంలో దిగాక బసా మేస్త్రీదే, భోజనమూ అరువుగా అతను చూపించిన చోటే. కూలి నేరుగా కూలివాడి చేతికి వచ్చేది కాదు. మిల్లు యజమాని కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు పెద్ద మేస్త్రీకి, అతను ముఠా మేస్త్రీకి, అతను చివరికి కూలివాడికి. ప్రతి మెట్టు దగ్గరా కొంత ఆగిపోయేది. డబ్బు నెలల ఆలస్యంగా వచ్చేది కాబట్టి ఈలోగా తినడానికి మళ్లీ అప్పు. భారత కార్మికుల స్థితిగతులను విచారించి 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్ మేస్త్రీల పెత్తనాన్నీ, రంగూన్ బసల ఇరుకునూ విమర్శించింది. ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో రంగూన్ భారతీయ కూలీల మీద వెలువరించిన పుస్తకంలోనూ ఈ మేస్త్రీ అప్పుల ముచ్చటే ప్రధానం.

అప్పు తీరకముందే పారిపోతే 1859 నాటి పదమూడో చట్టం ఉండేది. అడ్వాన్సు తీసుకుని పని చేయని కూలివాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, పని చేయమనో డబ్బు తిరిగి ఇమ్మనో ఆదేశించవచ్చు. వినకపోతే మూడు నెలల దాకా జైలు. 1925లో చేసిన రద్దుచట్టంతోనే అది పోయింది. షావుకారుకు బాకీపడ్డ రైతు మీద సివిల్ దావా వేయాల్సి వచ్చేది, మేస్త్రీకి బాకీపడ్డ కూలివాణ్ణి మాత్రం జైలుకు పంపవచ్చు. ఒకే ఊళ్లో రెండు రకాల అప్పులకు రెండు రకాల న్యాయం.

మేస్త్రీని ఒట్టి దోపిడీదారుగా కొట్టిపారేయడం మాత్రం సులువైన తీర్పు. ఊళ్లో ఎవరూ అప్పివ్వని మనిషికి పొలం, బంగారం తాకట్టు లేకుండా సముద్ర ప్రయాణానికి పెట్టుబడి పెట్టింది అతనే. ఓడ మునిగినా, కూలివాడు కలరాతో పోయినా ఆ మేరకు నష్టపోయేవాడు కూడా. పని దొరకని పక్షంలో ఆ బాధ మేస్త్రీకీ ఉండేది. ఈ ఒక్క విషయంలో అతను నేటి ఏజెంటు కంటే భిన్నం.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కళాసీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్న కంపెనీలు, సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నాయి. 26న మొదలైన గొడవ రోజుల తరబడి సాగిన మారణకాండగా మారింది. 1937లో బర్మా వేరుపడ్డాక రాకపోకలకు మొదటిసారి సరిహద్దు వచ్చింది. 1941 జూలైలో కుదిరిన ఇండో-బర్మా ఒప్పందం పర్మిట్లు, వాటికి ఫీజులు ప్రతిపాదించింది. అది పూర్తిగా అమలయ్యేలోపే ఆ డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తరవాతి నెలల్లో నాలుగు లక్షల మందికి పైగా భారతీయులు బర్మా విడిచారు. ఓడ టికెట్టు దొరకనివాళ్లు, కొనలేనివాళ్లు అరకాన్ దారిన, అస్సాం కొండల దారిన నడిచారు. దారిలో వేల సంఖ్యలో చనిపోయారు. 1964లో బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మిగిలినవాళ్లూ ఓడల్లో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేట ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

బర్మా దారి మూసుకుపోయాక కొంతకాలం వలస దేశంలోపలే సాగింది. ఖరగ్‌పూర్ రైల్వే, కలకత్తా జూట్ మిల్లులు, తరవాత గుజరాత్‌లోని వేరావల్ చేపల పడవలు. వేరావల్ వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో విడుదలయ్యారు. దేశంలోపలి వలసకు కూడా ధర ఎక్కడిదాకా వెళుతుందో ఆ పద్నాలుగు నెలలు చూపాయి.

1973 తరవాత గల్ఫ్ తెరుచుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ముందుగా, ఎక్కువగా వెళ్లింది కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలవాళ్లు. ఉత్తరాంధ్ర వాటా ఆలస్యంగా వచ్చింది, వేరే రూపంలో వచ్చింది. రిఫైనరీలు, షిప్‌యార్డులు, పైప్‌లైన్ల పనికి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కఫోల్డర్లు. విశాఖలో షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు దగ్గర ఉండటం ఈ పనుల మీద చూపు మళ్లడానికి దోహదం చేసింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం చుట్టుపక్కల వెల్డింగ్ శిక్షణ కేంద్రాలు వెలిశాయి. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను, జీడితోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లకు కావాల్సిన ఆదాయాన్ని చాలా ఇళ్లు బయటి దేశాల్లో వెతుక్కున్నాయి.

వెల్డర్‌కు మొదటి ఖర్చు చేతి పనితనం మీద పడుతుంది. కంపెనీవాళ్లు అడిగేది సర్టిఫికెట్టు కాదు, ట్రేడ్ టెస్టు. అందులో కష్టమైనది 6జి. పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించేస్తారు, తిప్పకూడదు. వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ కిందినుంచి, పక్కనుంచి, పైనుంచి అతుకు వేయాలి. ముందు రూట్, తరవాత ఫిల్లింగ్, చివర క్యాపింగ్. ఆ ముక్కను ఎక్స్‌రే తీస్తే లోపల బుడగ గానీ, అతకని చోటు గానీ కనబడకూడదు. ఇది చేతికి రావడానికి నెలల తరబడి రాడ్లు, పైపు ముక్కలు, ఆర్గాన్ గ్యాస్ తగలబెట్టాలి. ఆ ఖర్చంతా శిక్షణ ఫీజు రూపంలో కుర్రవాడి ఇంటిమీదే పడుతుంది. టెస్టు ఒకసారి తప్పితే మళ్లీ ఫీజు, మళ్లీ ముంబయి ప్రయాణం.

గల్ఫ్ వలస పెరిగాక 1983లో కేంద్రం కొత్త వలస చట్టం చేసింది. లైసెన్సు లేని ఏజెంటు విదేశీ ఉద్యోగాలకు మనుషులను తీసుకోకూడదు. లైసెన్సు ఉన్నవాడు ప్రభుత్వానికి బ్యాంకు గ్యారంటీ కట్టాలి. అతను పనివాడి దగ్గర తీసుకోదగ్గ సేవారుసుము ఇప్పుడు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కలిపితే 35,400. పదో తరగతి పాసుకానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి పద్దెనిమిది దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతితోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రమాద బీమా.

ఆ పద్దెనిమిది దేశాల జాబితాలో యూరప్ దేశం ఒక్కటీ లేదు. యూరప్‌లో చట్టాలు గట్టివి కాబట్టి అక్కడ మన పనివాడికి ప్రత్యేక రక్షణ అక్కరలేదన్నది జాబితా వెనక ఉన్న ఆలోచన. అక్కడికి చేరాక అది చాలామటుకు నిజమే. కానీ ఖర్చులో అధికభాగం పడేది చేరకముందు, మన గడ్డమీద. వార్సా వెళ్లే వెల్డర్ ఒప్పందాన్ని విమానం ఎక్కేముందు చూసే అధికారి ఎవరూ లేరు. రంగం కూలి నూరేళ్ల కింద నిలబడిన చోటే, చట్టం వలసగా లెక్కపెట్టని ప్రయాణంలోనే, ఇతనూ ఉన్నాడు. తేడా ఒక్కటే. ఈసారి అడ్వాన్సు ఇచ్చే మేస్త్రీ కూడా లేడు.

పోలండ్ ఉదాహరణ చూస్తే ఖర్చు ఎలా పేరుతుందో తెలుస్తుంది. వర్క్ పర్మిట్ పనివాడు కొనేది కాదు. అక్కడి కంపెనీయే ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తు చేసి తీసుకోవాలి. దానికి ఫీజు చాలా ఏళ్లపాటు 100 జ్లోటీలే, అంటే రెండు మూడు వేల రూపాయలు. ఇక్కడి ఊళ్లలో ‘పర్మిట్ ఖర్చు’ కింద ఏజెంటు అడిగేది లక్షల్లో. మిగతావి చిన్న చిన్న మొత్తాలు. పాస్‌పోర్టుకు 1,500. పోలీస్ క్లియరెన్స్‌కు 500. సర్టిఫికెట్లకు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగశాఖ అపోస్టిల్. వాటికి అనువాదాలు, వైద్యపరీక్ష, బీమా, వీసా ఫీజు, వీసా కేంద్రం వారి సేవారుసుము, విమాన టికెట్టు. చాలా దేశాల ఎంబసీలు ఢిల్లీలోనే ఉన్నాయి గనక విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇంటర్వ్యూకు పోయి రావడం, ఆ రోజుల కూలి నష్టం. రసీదు ఉన్న ఖర్చులన్నీ కలిపినా ఏజెంటుకు రసీదు లేకుండా ఇచ్చిన దాంట్లో కొంతభాగమే అవుతుంది.

ఆ డబ్బు ఎక్కడిది? బ్యాంకు ఇవ్వదు. బంగారం తాకట్టు, జీడితోట మీద అప్పు, ప్రోనోటు మీద నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ. ఒక లెక్క వేసి చూడవచ్చు. 4 లక్షల రూపాయలు నూటికి రెండు చొప్పున తెస్తే నెలకు వడ్డీ 8,000. వీసా రావడానికి ఆరునెలలు పడితే జీతం మొదలుకాకముందే 48,000 పెరుగుతుంది. పోలండ్‌లో 2025 కనీస వేతనం నెలకు 4,666 జ్లోటీలు. పన్నులు, సామాజిక బీమా పోను చేతికి వచ్చేది సుమారు 3,510. జ్లోటీకి 23 రూపాయల లెక్కన ఎనభై వేలు. గది, తిండి, బస్సు పోగా నెలకు 40,000 ఇంటికి పంపగలిగితే ఆ అప్పు తీరడానికి పదమూడు నెలలు. పోలండ్ ఇచ్చే జాతీయ వీసాకు గరిష్ఠ గడువు ఏడాది. అంటే మొదటి వీసా ముగిసేనాటికి ఇంకా అప్పు మిగిలే ఉంటుంది, ఇంటికి ఒక్క రూపాయి లాభం చేరి ఉండదు. పర్మిట్ ఒక కంపెనీ పేరుమీద ఉంటుంది కాబట్టి, చెప్పిన పని ఒకటి చేయించేది ఇంకొకటి అయినా అప్పున్న మనిషి గమ్మున ఉంటాడు. జైలుకు పంపే 1859 చట్టం లేకపోయినా, ప్రోనోటు చాలావరకు అదే పని చేస్తుంది.

అక్కడి కోతలు కూడా కొత్తవి కావు. లేబర్ ఏజెన్సీ తరఫున వెళ్లినవాళ్లకు బస ఏజెన్సీదే, అద్దె జీతంలోంచే, సైటుకు తీసుకెళ్లే వ్యాను చార్జీ కూడా కొన్నిచోట్ల జీతంలోంచే. అసలు కంపెనీకీ పనివాడికీ మధ్య ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఈ వరసను విట్లీ కమిషన్ సభ్యులు చూసివుంటే వెంటనే గుర్తుపట్టేవారు.

అన్ని దారులూ ఒకేలా లేవు. నర్సులకు జర్మనీ దారిలో ఖర్చు డబ్బుకంటే కాలానిది. భాష బి1, బి2 స్థాయికి రావడానికి ఏడాది పైగా ఉద్యోగం మాని చదవాలి. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా 2021 డిసెంబరులో జర్మనీతో ఒప్పందం చేసుకుని, నియామక ఖర్చు ఆసుపత్రులే భరించే పద్ధతి నడుపుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ ఉద్యోగాలకు ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉన్నా, ఊళ్లో తెలిసిన ఏజెంటు అంతగా అది జనానికి చేరలేదు. బ్రిటన్‌లో వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు 2022లో తెరిచిన వీసా దారిని 2025 జూలై 22న విదేశాల నుంచి కొత్త నియామకాలకు మూసేశారు. ముందే ఏజెంట్లకు డబ్బు కట్టి కూర్చున్నవాళ్ల దారి అక్కడితో తెగింది. 2023లో పోలండ్‌లో వీసాల అమ్మకం కుంభకోణం బయటపడి విదేశాంగశాఖ ఉపమంత్రి పదవి పోయింది. దాని తరవాత పరిశీలన కఠినమై, నిజంగా పని ఉన్నవాళ్ల దరఖాస్తులకూ ఆలస్యం పెరిగింది. ఆ ఆలస్యం ఖరీదు నెలకింత వడ్డీ.

పనివాడి దగ్గర నియామక రుసుము తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే 181వ ఒడంబడికలో రాసింది. దాన్ని భారతదేశం ఆమోదించలేదు. 1983 చట్టం ప్రకారం లైసెన్సు లేని ఏజెంటుకు, పరిమితికి మించి వసూలు చేసినవాడికి ఆరునెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా 2,000 రూపాయలకు మించదు. ఆ అంకె 1983 నుంచి మారలేదు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన, ఉద్యోగాల పేరుతో కాంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన కేసులో బాధితులు ఏజెంట్లకు ఒక్కొక్కరు ఇచ్చింది లక్షన్నర దాకా. విదేశాంగశాఖ ఈ-మైగ్రేట్, మదద్ పోర్టళ్లలో ఫిర్యాదు చేయవచ్చు, స్థానిక పోలీసు స్టేషనులో మోసం కేసు పెట్టవచ్చు. రెండుచోట్లా మొదట అడిగేది డబ్బు ఇచ్చిన రుజువు. బ్యాంకు ద్వారా కట్టి, ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో సరిచూసుకున్నవాళ్ల కేసులు నిలబడతాయి. చేతికి నగదు ఇచ్చినవాళ్లు, ఏజెంటు కాకుండా మధ్యవర్తి బంధువు ఖాతాలో వేసినవాళ్లు ముందు ఆ బంధువు మీదే ఫిర్యాదు రాయాల్సి వస్తుంది. చాలామంది రాయరు. 1983 చట్టం స్థానంలో తెచ్చే కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరులో ప్రజాభిప్రాయానికి పెట్టింది.